మట్టి, ఆకులు, గులకరాళ్లతో ఉత్తుత్తి వంట ఎలా చేయాలి

బువ్వాలాట కోసం ప్లాస్టిక్ కూరగాయల సెట్ తెచ్చిపెడితే పిల్లలు మొదటి రెండు మూడు రోజులు వదలరు. ఆ తర్వాత టమాటా మంచం కింద, క్యారెట్ చెప్పుల స్టాండులో దొరుకుతాయి. ప్లాస్టిక్ టమాటాతో చేయడానికి ఇంకేమీ మిగలదు మరి. దాన్ని చిదమలేం, కలపలేం, మాడగొట్టలేం. అదే గుప్పెడు తడి ఇసుక ఇస్తే కాసేపు అన్నం అవుతుంది, ఇంకాసేపటికి కేక్ అవుతుంది, ఎండిపోయాక పైన చల్లే చక్కెర అవుతుంది.

1971లో సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ కళాకారుడు ఇదే సంగతి రాశాడు. ఒక చోట జరపడానికి, మార్చడానికి వీలైన వస్తువులు ఎంత ఎక్కువగా ఉంటే, కొత్తవి కనిపెట్టే అవకాశం కూడా అక్కడ అంత ఎక్కువని ఆయన వాదన. పిల్లల ఆటల గురించి మాట్లాడేవాళ్లు ఇప్పుడు ‘లూజ్ పార్ట్స్’ అంటున్నది దీన్నే.

అందుకే ఎవరి పని ఏదో ముందే అనుకోండి. ఏరడం, కడగడం, ఆరబెట్టడం, రంపంతో కోయడం, ప్రమాదమైనవి తీసిపారేయడం మీ పని. వండడం పిల్లల పని. రాయికి అచ్చం స్ట్రాబెర్రీలా రంగేసి, చుక్కలు పెట్టి ఇచ్చారనుకోండి, మీ ముచ్చట తీరుతుంది, ఫొటో బాగా వస్తుంది. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ప్లాస్టిక్ టమాటా కథే.

ముందు వయసు చూసుకోండి

ఏడాదిన్నర ప్రాంతంలో చాలామంది పిల్లలు ఖాళీ కప్పు ఎత్తి తాగినట్టు నటించడం మొదలుపెడతారు. రెండేళ్లు దాటాక ఒక వస్తువును ఇంకొకటి అనుకోగలుగుతారు, కానీ మొదట్లో రూపం కాస్త దగ్గరగా ఉండాలి. గుండ్రటి రాయిని బంగాళాదుంప అంటే ఒప్పుకుంటారు, ఆకును అంటే ఒప్పుకోరు. నాలుగేళ్లు వచ్చేసరికి ఆ పట్టింపు కూడా పోతుంది. పుల్ల చేప అవుతుంది, అదే పుల్ల గరిటె కూడా అవుతుంది. కాబట్టి చిన్నవాళ్లకి పోలిక తెలిసే వస్తువులు కొన్ని ఉంచండి. పెద్దవాళ్లకి ఏది దొరికినా సరే.

మూడేళ్లలోపు పిల్లలు దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు, కాబట్టి వాళ్లకి ఇచ్చే వస్తువుల సైజు ముఖ్యం. బొమ్మల భద్రత పరీక్షించేవాళ్లు ఆ వయసు కోసం 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం ఒకటి వాడతారు. వస్తువు ఏ వైపు నుంచి పెట్టినా ఆ గొట్టంలో పూర్తిగా దూరిపోతే అది ఆ పిల్లలకు పనికిరాదు. ఇంట్లో అయితే టాయిలెట్ పేపర్ రోల్ లోపలి అట్టగొట్టం చాలు. దాని వెడల్పు సుమారు 4 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఇంకొంచెం జాగ్రత్త వైపే ఉంటారు. గుండ్రటి వస్తువులు గొంతును పూర్తిగా మూసేస్తాయి, అందుకని అవి ఇంకా పెద్దవి ఉండాలి. బంతుల విషయంలో అమెరికా నిబంధన దాదాపు 44.5 మిల్లీమీటర్లు. పిల్లల పిడికిలి కంటే పెద్ద రాళ్లనే ఏరుకుంటే ఈ లెక్కలన్నిటితో పనుండదు.

ఎండు గింజలతో ఇంకో చిక్కుంది. పిల్లలు వాటిని ముక్కులో, చెవిలో దూర్చుకుంటారు. అక్కడి తేమకి బఠాణీలు, చిక్కుడు గింజల్లాంటివి ఉబ్బి బయటికి రావు. మూడేళ్లలోపు పిల్లలు ఆడే చోట గింజలు అసలు పెట్టకండి.

ఏరుకురావడం

బుట్ట పట్టుకుని బయటికి వెళ్లేటప్పుడు ‘ఇది దేనిలా ఉంది’ అని వెతక్కండి. ‘దీంతో ఏం చేయొచ్చు’ అని చూడండి. పోయడానికి, కొలవడానికి ఇసుక, పొడి మట్టి. తుంచడానికి, తరగడానికి ఆకులు, పూరేకులు, మెత్తటి కాడలు. పిసకడానికి బంకమట్టి. లెక్కపెట్టి వడ్డించడానికి రాళ్లు, ఎండుకాయలు, పెచ్చులు. చల్లడానికి ఎండుటాకుల పొడి. కలపడానికి ఒకటి రెండు గట్టి పుల్లలు. ఈ పనుల్లో ఒక్కోదానికి ఒక్కో రకం ఉన్నా వంటిల్లు నిండినట్టే. ఒకే రకం రాళ్లు బుట్టెడు తెస్తే మాత్రం ఆట తొందరగా ఆగిపోతుంది.

కింద రాలినవే ఏరడం మంచి అలవాటు. చెట్టుకున్న పూలు కోయాల్సి వస్తే ఎన్ని కోయొచ్చో ముందే చెప్పండి, లేకపోతే ఒక్క సలాడ్ కోసం మొక్క బోడిగా మిగులుతుంది.

ఇక్కడ పెద్దవాళ్లకి తప్పకుండా తెలియాల్సింది విషపు మొక్కల సంగతి. గన్నేరులో ఆకు, పువ్వు, పుల్ల అన్నీ విషమే. ఎండినా ఆ విషం పోదు, కాబట్టి గన్నేరు పుల్లను గరిటెగా కూడా ఇవ్వకండి. పచ్చగన్నేరు కూడా అంతే, దాని గింజలు మరీ ప్రమాదం. ఆముదం గింజలు, గురివింద గింజలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పిల్లల చెయ్యి ముందు వాటి మీదికే పోతుంది. రెండూ ప్రాణం తీయగలవు. ఉమ్మెత్త జోలికి వెళ్లొద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. నిజానికి తుంచితే పాలు కారే మొక్కలన్నిటినీ పక్కన పెట్టేయడం తేలిక, ఒక్కోదాని పేరు గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది. వయ్యారిభామ ఒంటికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. ఇంట్లో కుండీలో పెంచే డైఫెన్‌బేకియా ఆకు నమిలితే నోరు, నాలుక మండి వాచిపోతాయి. పుట్టగొడుగులు ఏ రకమైనా ఏరొద్దు. పేరు తెలియని మొక్కను తెలియనిదిగానే వదిలేయండి. మందు కొట్టిన తోటల నుంచి, రద్దీ రోడ్డు పక్క నుంచి కూడా ఏమీ తేవద్దు.

కడగడం, ఆరబెట్టడం

రాళ్లు, చిప్పలు సబ్బునీళ్లలో రుద్ది కడిగి ఎండలో పెట్టండి. పిల్లల్ని కూడా పాత టూత్‌బ్రష్‌తో కూర్చోబెట్టొచ్చు. ‘దుంపలు కడగడం’ కూడా వంటలో భాగమే కదా! రాళ్లను క్రిములు పోవాలని స్టవ్ మీదగానీ ఓవెన్‌లోగానీ వేడి చేయకండి. నీళ్లలో నానిన రాయిలో తేమ ఉంటుంది, అది ఆవిరై రాయి పగలొచ్చు.

ఎండుకాయల్లో, బెరడులో పురుగులు దాక్కుంటాయి. బాగా దులిపి, మంచి ఎండలో రెండు మూడు రోజులు ఉంచండి. ఎండ లేకపోతే గట్టిగా మూసిన కవర్లో పెట్టి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో వేస్తే సరిపోతుంది. పైన్ కాయలు తడిస్తే ముడుచుకుంటాయి, ఆరితే మళ్లీ విచ్చుకుంటాయి. ఒక గిన్నెలో నీళ్లు పోసి ఇది చూపించండి, కాయ ‘ఉడికిందో లేదో’ పిల్లలు రోజంతా వచ్చి చూస్తుంటారు.

పచ్చి ఆకులు, పూలు ఆ పూటకే. దాచుకోవాలంటే రెండు కాగితాల మధ్య పరిచి, పైన బరువు పెట్టి వారం రోజులు ఉంచండి.

బంకమట్టి తీయడం

మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైనది ఇదే. కొన్న క్లే కంటే పెరట్లో మట్టి నుంచి తీసిన బంకమట్టికే పిల్లలు ఎక్కువ విలువ ఇస్తారు, ఎందుకంటే అది వాళ్ల చేతిమీదుగా వచ్చింది.

పై పొర తీసేసి, ఒక జానెడు లోతు నుంచి మట్టి తవ్వండి. సగం బకెట్ మట్టికి నిండా నీళ్లు పోసి పుల్లతో బాగా కలపండి. గడ్డలు చేత్తో చిదమడం పిల్లలకి అప్పగించండి. కలపడం ఆపి ఒక్క నిమిషం ఆగితే రాళ్లు, ఇసుక అడుక్కి దిగిపోతాయి. బంకమట్టి రేణువులు చాలా సన్నం కాబట్టి నీళ్లలో తేలుతూనే ఉంటాయి. ఆ బురద నీటిని పల్చటి గుడ్డ గుండా ఇంకో బకెట్‌లోకి వంచండి. అడుగున మిగిలిన ఇసుకను పారేయకండి, కడిగితే అది రేపటి అన్నం. రెండో బకెట్‌ను మూతపెట్టి ఒక రోజు కదపకుండా వదిలేయండి. మర్నాడు పైన తేరిన నీళ్లు నెమ్మదిగా వంచేస్తే అడుగున చిక్కటి ముద్ద ఉంటుంది. దాన్ని గుడ్డలో మూటగట్టి, నీళ్లు కారిపోయేలా నీడలో వేలాడదీయండి. చేతికి అంటుకోని పదునుకి వచ్చేసరికి రెండు మూడు రోజులు పట్టొచ్చు.

పదును సరిగ్గా ఉందో లేదో చూడాలంటే చిటికెన వేలంత లావు పాము చేసి, దాన్ని వేలి చుట్టూ చుట్టండి. పగుళ్లు రాకుండా తిరిగితే మట్టి సిద్ధం. పగిలితే ఇంకాస్త తడి చేసి పిసకండి. తడి చేసినా పగులుతుంటే అందులో బంక తక్కువ. అలాంటి మట్టితో రొట్టెలు, బిస్కెట్లు చేయొచ్చు, గిన్నెలు మాత్రం నిలవవు.

బాగా పిసికి లోపలి గాలి తీసేశాక పిల్లలకి ముద్దలు ఇవ్వండి. వాళ్లు ఏం చేసినా 2 సెంటీమీటర్ల మందం దాటకుండా చూడండి. లావుగా ఉన్నది బయట ఎండి లోపల పచ్చిగా ఉండిపోయి చీలుతుంది. ఎండలో పెట్టకండి, నీడలోనే మెల్లగా ఆరనివ్వండి. రోజుకోసారి తిరగేయాలి. ఆరేటప్పుడు మట్టి కొంచెం కుంచించుకుపోతుంది, “నా రొట్టె చిన్నదైపోయింది” అని ఫిర్యాదు వస్తే కారణం అదే. కాల్చని మట్టి నీళ్లలో వేస్తే మళ్లీ కరిగిపోతుంది. పాత వంటలన్నీ బకెట్‌లో వేసి నానబెట్టి కొత్త ముద్ద చేసుకోవచ్చు. ఎండిన మట్టి పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మట్టి దొరకని ఇంట్లో ఉప్పుపిండి ఉంది: రెండు కప్పుల గోధుమపిండి, ఒక కప్పు ఉప్పు, ఒక కప్పు నీళ్లు కలిపి చేసే ముద్ద. నీళ్లు ఒకేసారి పోసేయకండి. దీంతో ఇబ్బందేమిటంటే చూడ్డానికి నిజంగా తినేదానిలాగే ఉంటుంది. అంత ఉప్పు ఎక్కువగా తింటే పిల్లలకీ, ఇంట్లో కుక్క ఉంటే దానికీ ప్రమాదమే. నా ఓటు మట్టికే.

రంగులు

గులకరాళ్లకి ఇంట్లో చేసిన రంగులు పట్టవు, ప్రయత్నించి విసుగు తెచ్చుకోకండి. ఇవి నీళ్లకి, ఇసుకకి, మట్టికి బాగుంటాయి. బీట్‌రూట్ తురుము నానబెడితే గులాబీ రంగు, పాలకూర నూరి పిండితే ఆకుపచ్చ, బొగ్గు పొడి తడిపితే నలుపు.

పసుపు, శంఖపుష్పం రెండూ మాత్రం పిల్లలకి పెద్ద గారడీ. పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే ఇటుక ఎరుపుకి మారుతుంది. అందులో నిమ్మరసం పిండితే నురగతో మళ్లీ పసుపవుతుంది. నీలం శంఖపుష్పం రేకులు వేడినీళ్లలో నానబెడితే చక్కటి నీలం దిగుతుంది. నిమ్మరసం చుక్కలు పడగానే ఊదా, ఇంకా పడితే గులాబీ. వంటసోడాతో ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. వేడినీళ్ల పని మీరు చేసి, చల్లారాక ఇవ్వండి. మూడు చిన్న గిన్నెల్లో నీలం నీళ్లు, పక్కన నిమ్మచెక్క, కొంచెం సోడా పెడితే ‘సూప్’ తయారీ చాలాసేపు నడుస్తుంది. శంఖపుష్పం రేకులే వాడండి, దాని గింజలు వద్దు.

బట్టల మీద పసుపు మరక పడితే టెన్షన్ పడకండి. సబ్బుతో ఉతికి మంచి ఎండలో ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది. వార్నిష్, నెయిల్ పాలిష్, మెరుపుల పొడి లాంటివి ఈ ఆటలోకి తేవద్దు.

కొమ్మ ముక్కలు

మణికట్టంత లావున్న ఎండుకొమ్మను వేలెడు మందం బిళ్లలుగా రంపంతో కోస్తే బిస్కెట్లు, రొట్టెలు, అవసరమైతే పళ్లేలు కూడా అవుతాయి. కోసేది పెద్దవాళ్లే. పచ్చికొమ్మ వాడితే ఆరేకొద్దీ చీలుతుంది. అంచులను గరుకు కాగితంతో రుద్దే పని పిల్లలకి ఇవ్వండి, చివర మీ వేలితో ఒకసారి తడిమి పేళ్లు లేవని చూసుకోండి.

వంటిల్లు అమర్చడం

పిల్లల నడుము ఎత్తుకి ఒక పలక, దాని మీద ఒక టబ్బు చాలు. నిజం వంటింట్లో మూలనపడ్డ స్టీలు గిన్నెలు, చెంచాలు, జల్లెడ, గరిటె ఇక్కడికి తెచ్చేయండి. బొమ్మ గిన్నెల కంటే వీటినే ఎక్కువ ఇష్టపడతారు, గరిటెతో కొడితే మోత వస్తుంది కదా. గాజు, పింగాణీ వద్దు. ఇద్దరు పిల్లలుంటే రెండు గరిటెలు ఉండాలి, ఈ విషయంలో బేరాలు సాగవు.

సామానంతా ఒకేసారి ముందు పోయకండి. నాలుగైదు రకాలతో మొదలుపెట్టండి. ఆట నెమ్మదించినప్పుడు ఒక కొత్తది, ఉదాహరణకి చిన్న జగ్గుతో నీళ్లు, పక్కన పెట్టి ఊరుకోండి.

నీళ్ల దగ్గర మాత్రం అజాగ్రత్త పనికిరాదు. కొన్ని సెంటీమీటర్ల నీళ్లున్న బకెట్‌లో కూడా పసిపిల్లలు మునిగిపోగలరు. బురద చేసుకున్న బకెట్ దగ్గర ఒంటరిగా వదలొద్దు, పని కాగానే వంచేయండి. ఇసుక గుట్టను రాత్రిపూట కప్పి ఉంచండి, లేకపోతే పిల్లులు దాన్ని మరుగుదొడ్డి చేసుకుంటాయి. వాటి మలంలో పురుగుల గుడ్లు ఉండొచ్చు. పిల్లలకి ధనుర్వాతం టీకాలు వేళకి పడ్డాయో లేదో చూసుకోండి. ఆట ముగిశాక గోళ్ల సందులతో సహా 20 సెకన్లు సబ్బుతో చేతులు కడిగించాలి.

మొదటి రోజు వంటలు

పిల్లలకి ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఇవి చేసి చూపించొచ్చు, ఒక్కసారే.

కేక్: ఇసుకను పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, నీళ్లు కారకూడదు. గిన్నెలో అణిచి నింపి, పళ్లెం మీద బోర్లించి, అడుగున రెండు దెబ్బలు కొట్టి మెల్లగా ఎత్తండి. కూలిపోతే? కూలిపోయిన కేక్‌ను మళ్లీ చేయడమే పిల్లలకి ఎక్కువ సరదా.

గుడ్డు: చదునైన తెల్లరాయి మీద గుండ్రటి పసుపు రేకు.

నూడుల్స్: పైన్ సూదులు గానీ, మెత్తటి కాడల పీచు గానీ. కొన్ని గడ్డిపరకల అంచులు చెయ్యి కోస్తాయి, ముందు మీరు వేలితో చూడండి.

కూర: ఆకులు చేత్తో తుంచి, చిన్న బెరడు ముక్కలు కలిపి, ఇసుక ‘ఉప్పు’ చల్లి, పుల్లతో తిప్పడం. ఎంతసేపు ఉడకాలో వంటవాళ్ల ఇష్టం.

మీరు భోజనానికి వచ్చారు

వంట మొదలయ్యాక మీరు అతిథి. “ఇది ఏ రంగు? ఎన్ని రాళ్లున్నాయి?” అని పరీక్ష పెట్టకండి, ఆట అక్కడే చచ్చిపోతుంది. దానికి బదులు ఆకలేస్తోందని చెప్పండి. “నాన్నా, ఈ రోజు వంటేంటి?” “అమ్మా, నాకు కారం తక్కువ వెయ్యి.” “మేం నలుగురం వచ్చాం, అందరికీ సరిపోతుందా?” ఈ ఒక్క ప్రశ్నతో లెక్క దానంతటదే వచ్చేస్తుంది. నిన్న బంగాళాదుంప అన్న రాయిని ఇవాళ కోడిగుడ్డు అంటే అవునవును అనండి.

ఎలా తింటున్నారన్నది కూడా చూసుకోండి. చెంచాను పెదాలకి తాకించకుండా గడ్డం దగ్గరే ఆపి, గాల్లో చప్పరించండి. మీరు పెదాలకి ఆనిస్తే రెండేళ్ల పిల్ల నిజంగానే నోట్లో వేసుకుంటుంది. చిన్నవాళ్లకి ‘ఉత్తుత్తి’ అంటే ఎంతవరకో చెప్తే అర్థం కాదు, మిమ్మల్ని చూసి నేర్చుకుంటారు. అందుకే నిజం చిరుతిండి ఈ పలక దగ్గర పెట్టకండి. ఆట ఆపి, చేతులు కడిగి, వేరే చోట కూర్చున్నాకే తినడం.

“ఛీ, బురద” అనే పిల్లలూ ఉంటారు. బలవంతం చేయకండి. వాళ్లకి ముందు పొడి ఇసుక, ఆకులు, ఒక గరిటె ఇవ్వండి. పక్కన వేరేవాళ్లు పిసుకుతుంటే కొన్నాళ్లకి ఒక వేలు పెట్టి చూస్తారు. పెట్టకపోయినా వాళ్లు వడ్డించే పని చూసుకుంటారు.

సర్దుకోవడం

రంగునీళ్లు, పూలు, ఆకుల సూప్ ఏ రోజువి ఆ రోజే పారబోయండి. నిలవ ఉంటే కంపు కొడతాయి, దోమలు గుడ్లు పెడతాయి. రాళ్లు, కాయలు, చెక్కబిళ్లలు బాగా ఆరాక గుడ్డసంచిలో వేయండి, ప్లాస్టిక్ డబ్బాలో తేమ చేరి బూజు పడుతుంది. నెలకోసారి సంచి కింద బోర్లించి, పగిలినవి, పుచ్చినవి తీసేయండి. మిగిలిన బంకమట్టిని తడిగుడ్డ చుట్టి, గాలి చొరని డబ్బాలో పెడితే వారాల తరబడి మెత్తగా ఉంటుంది. గట్టిపడితే పొడి కొట్టకుండా ముక్కలుగానే నీళ్లలో వేయండి, మర్నాటికి నాని పిసకడానికి సిద్ధంగా ఉంటుంది.